చెరువులో చేసిన పని, ఇంకా చేయాల్సిన పని: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశం నాటికి రెండు గ్రాంట్లు మంజూరయ్యాయి కానీ పని మొదలు కాలేదు. ఈ ఏడాది రెండూ పూర్తిగా ఖర్చయ్యాయి. ఒకటి చెరువు పునరుద్ధరణకు, రెండోది పిచ్చుక గూళ్లకూ, పక్షులు ఢీకొనకుండా భవనాల అద్దాలకు చుక్కలు వేయడానికీ వచ్చింది. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతున్నారు కాబట్టి ఇక్కడ డబ్బు లెక్కలు రాయడం లేదు. ఆ డబ్బుతో ఏం జరిగిందో, ఎక్కడ తప్పు చేశామో మాత్రం మీకు వివరంగా చెప్పాలి.

ముందు చెరువు సంగతి. పూడికంతా తీయించి, గట్టు నిటారుగా కట్టించి, నిండా నీళ్లు నిలపాలని మొదట ప్రణాళిక రాసుకున్నాం. అలా ఉంటే చూడ్డానికి బాగుంటుంది. కానీ అన్ని పక్షులకూ ఒకే లోతు పనికిరాదు. ఉల్లంకుల్లాంటి చిన్న పిట్టలు నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు దాటితే మేయలేవు. తల ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు 25 సెంటీమీటర్ల దాకా ఫరవాలేదు. బుడుబుంగ మునిగి చేప పట్టాలంటే ఇంకా లోతు ఉండాలి. అందుకే ప్రణాళిక మార్చాలని గ్రాంటు ఇచ్చినవాళ్లకు కారణాలు రాసి, వాళ్లు ఒప్పుకున్నాకే పొక్లెయిన్ దింపాం. నడుమ గుంట ఉంచి, ఒకవైపు ఒడ్డును వాలు ఉందో లేదో తెలియనంత ఏటవాలుగా చేయించాం.

తూముకు చెక్కపలకలు బిగించాం. ఒక్కో పలక తీసేకొద్దీ నీళ్లు తగ్గి కొంచెం కొంచెం బురద బయటపడుతుంది. వలస పక్షులు దిగే రోజుల్లో వారానికొకటి చొప్పున తీశాం. మొదటి పలక తీసిన మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే, తడి బురద మీద సూదితో కుట్టినట్టు సన్నటి రంధ్రాలు, పక్కనే మూడువేళ్ల అడుగుల గుర్తులు. ఎక్కడో ఆర్కిటిక్ టండ్రాలో గుడ్లు పెట్టి వచ్చే పిచ్చుకంత పిట్టలు, రాత్రికి రాత్రి మనం తీసిన బురదలో పురుగులు ఏరుకున్నాయి. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

ఇక తప్పుల గురించి. గుర్రపు డెక్కను యంత్రంతో తీయించి గట్టు మీదే కుప్ప పోయించాం. మొదటి వానకే అది జారి మళ్లీ నీళ్లలో పడింది. అనువైన వేడి ఉంటే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. దాని గింజలు బురదలో 15 ఏళ్లకు పైగా మొలకెత్తే శక్తితో ఉంటాయి. అంటే ఒకసారి శుభ్రం చేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఇప్పుడు తీసిన డెక్కను నీటికి దూరంగా మోసుకెళ్లి ఎండబెడుతున్నాం. చిన్న మొలకల్ని సభ్యులే ప్రతి ఆదివారం చేత్తో ఏరుతున్నారు. నడుము నొప్పి పుట్టే పని. విసుక్కోకుండా వస్తున్న ప్రతి ఒక్కరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

రెండో తప్పు చెప్పడానికి బాధగా ఉంది. జమ్ము దుబ్బు పెరిగిపోయిందని కోయించాం. ఎప్పుడు కోయాలో ఒప్పందంలో రాయలేదు. మనుషులు గూళ్ల కాలంలో వచ్చి ఒక్కరోజులో మొత్తం కోసేశారు. సాయంత్రం మేం వెళ్లేసరికి కోసిన మోళ్ల మధ్య నీటికోడి గూడు ఒరిగిపోయి ఉంది, గుడ్లు నీళ్లలో ఉన్నాయి. తల్లి చాలాసేపు అక్కడక్కడే తిరిగింది. తప్పు కోసినవాళ్లది కాదు, తేదీ రాయని మాది. ఇకపై గూళ్ల కాలంలో కత్తి పెట్టకూడదని ఒప్పందంలోనే ఉంటుంది. కోసినా ఏడాదికి మూడోవంతు జమ్మే కోస్తాం.

ఎండిన చెట్టును ఎందుకు కొట్టించలేదని చాలామంది అడిగారు. అందులో వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రలున్నాయి. అది వదిలేసిన తొర్రలోనే తర్వాత చిలుకో గోరింకో కాపురం పెడుతుంది. బాటకు దూరంగా ఉంది, పడినా ఎవరికీ ప్రమాదం లేదు. ఆ చెట్టు ఉంటుంది.

రెండో గ్రాంటు పనులు తొందరగానే ముగిశాయి. పిచ్చుక గూళ్లకు రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండేలా, ముందు కూర్చునే పుల్ల లేకుండా చేయించాం. పుల్ల ఉంటే గూడు దోచుకునే పక్షులకే ఆసరా. కొన్ని గూళ్లు ఖాళీగానే ఉన్నాయి. పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో గింజలు కాదు, పురుగులు కావాలి. మందులు కొట్టిన తోట పక్కన ఎంత మంచి గూడు పెట్టినా లాభం లేదు. ఈసారి స్థలాలు మారుస్తాం. అద్దాల విషయంలో ఒక్క గద్ద బొమ్మ అంటిస్తే చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. చాలదు. అద్దం బయటివైపు, అంతటా 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలు ఉంటేనే పక్షి దాన్ని అడ్డంకిగా గుర్తిస్తుంది. ఒప్పుకున్న భవనాలన్నిటికీ అలాగే వేశాం.

డబ్బు ఉపయోగపడుతుందా అన్న అనుమానం కొందరికి ఉంది. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 1970 నుంచి అమెరికా, కెనడాల్లో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయి. గడ్డిభూముల పక్షులైతే సగానికి పైగా పోయాయి. కానీ అదే లెక్కలో బాతుల జాతి 56 శాతం పెరిగింది. కారణం, దశాబ్దాలుగా చిత్తడి నేలల మీద పెట్టిన ఖర్చు. అమెరికాలో 1989లో చేసిన ఒక చట్టం కింద గ్రాంటు కావాలంటే, అడిగేవాళ్లు కనీసం అంతే మొత్తం తమవైపు నుంచి సమకూర్చాలి. మన దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నది ఆదివారాలు. గ్రాంటు పొక్లెయిన్‌ను తెచ్చింది, అది వెళ్లిపోయింది. పలకలు తీయడం, డెక్క ఏరడం, లెక్క రాయడం మనమే చేసుకోవాలి. ప్రతి ఆదివారం కనీసం పదిమంది లేకపోతే కొత్త గ్రాంటుకు దరఖాస్తు చేయకూడదని నా అభిప్రాయం. సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చించాలని కోరుతున్నాను.

చివరగా ఒక విన్నపం. ఏటవాలు ఒడ్డుకు పైన గులకరాళ్ల మధ్య తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. రాళ్లకూ గుడ్లకూ తేడా తెలియదు, కాలికింద పడేదాకా కనిపించవు. మండుటెండలో అది నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటోంది. పిల్లలు రావడానికి నాలుగు వారాలు పడుతుంది. చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టాం. దయచేసి ఎవరూ తీయొద్దు, ఫొటో కోసం దగ్గరికి వెళ్లొద్దు.

ఇట్లు,
కార్యదర్శి