వంకాయ వద్దన్నారు, పేగుల మాట ఎత్తలేదు

సంపాదకులకు నమస్కారం.

పదకొండేళ్ల కిందట మా ఆవిడకు గర్భసంచి తీసేశారు. అప్పటికి ఆమెకు నలభై ఒకటి. పొట్ట కోసి చేసిన ఆపరేషన్. ఇంటికొచ్చాక పత్యం గురించి చెప్పని మనిషి లేడు. వంకాయ తింటే చీము పడుతుందన్నారు, గోంగూర ముట్టుకోవద్దన్నారు, బీరకాయ కూర పెట్టమన్నారు. బిందె ఎత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు. ఆరు వారాలపాటు అన్నీ తు.చ. తప్పకుండా పాటించాం. లోపల పేగులు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చని, ఆ సంగతి ఏళ్ల తరవాత బయటపడొచ్చని మాత్రం ఆస్పత్రిలో గానీ, చూడ్డానికొచ్చిన చుట్టాల్లో గానీ ఒక్కరూ అనలేదు.

మొన్న కనుమ నాడు రాత్రి ఆమెకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. గారెలు, కోడికూర తిన్న రోజు కదా, గ్యాస్ అనుకున్నాం. వాము నమిలింది. నేను సోడా తెచ్చి తాగించాను. తెల్లారాక ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్‌కని ఇంజెక్షన్ చేశాడు. నొప్పి ఉండుండి వస్తోంది, పోతోంది. పోయినప్పుడల్లా తగ్గిపోయిందనుకున్నాం. మధ్యాహ్నానికి పొట్ట డప్పులా బిగుసుకుంది, పచ్చటి పసరు వాంతులు మొదలయ్యాయి. అప్పుడు గానీ గుంటూరు బయల్దేరలేదు. పాత ఆపరేషన్ తాలూకు అతుకుల్లో చిక్కుకుని పేగు మూసుకుపోయిందన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి, నోటికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా సెలైన్ల మీద నాలుగు రోజులు ఉంచారు. అయిదో రోజు పొద్దున గ్యాస్ పోయింది. మామూలప్పుడు పదిమందిలో నామోషీగా అనిపించే ఆ చప్పుడు కోసం ఇంటిల్లిపాదీ అంతగా ఎదురుచూశాం! మళ్లీ కోయకుండా బయటపడ్డాం, అదృష్టం.

సర్జన్ గారు మొదట అడిగింది ఒక్కటే: ఇంతకుముందు ఏం ఆపరేషన్ జరిగింది, ఎలా చేశారు, కాగితాలున్నాయా? నా దగ్గరున్నది ఒకే ఒక్క కాగితం. చేరిన తేదీ, పంపిన తేదీ, అయిదు మాత్రల పేర్లు. పాత ఆస్పత్రికి ఫోన్ చేస్తే అన్నేళ్ల కిందటి రికార్డు ఉండదన్నారు. వాళ్లనీ అనలేం. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాస్తే చాలు. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. కానీ అడగాలని మనకు తెలిస్తే కదా.

ఆయనే ఓపిగ్గా విడమరిచి చెప్పారు. పొట్ట లోపలి గోడకూ పేగులకూ పైన పల్చటి పొర ఉంటుంది. ఆపరేషన్‌లో అది గీసుకుపోయినా, గాలికి ఆరిపోయినా, గుడ్డ రాసుకున్నా గంటల్లోనే అక్కడ జిగురులాంటి పదార్థం చేరుతుంది. ఒంట్లో అన్నీ సవ్యంగా ఉంటే వారం లోపు అది కరిగిపోతుంది. కరగకపోతే గట్టిపడి దారాల్లా, పట్టీల్లా మారి పేగును పేగుకో, పొట్ట గోడకో కట్టేస్తుంది. చాలామందిలో అది ఏ ఇబ్బందీ పెట్టకుండా అలాగే ఉండిపోతుంది. కొందరిలో మాత్రం ఏదో ఒక రోజు పేగు అక్కడ మెలిపడుతుంది. ఆడవాళ్లలో అండవాహికలు అతుక్కుంటే పిల్లలు పుట్టకపోవచ్చు. మామూలు స్కానింగ్‌లో ఈ అతుకులు సరిగా కనిపించవు. కరిగించే మాత్రా లేదు. ఆముదం రాసి మర్దన చేస్తే విడిపోతాయని మా బంధువొకాయన గట్టిగా చెప్పాడు గానీ, అదంతా ఉత్తమాట. కోసి విడదీయొచ్చు, కానీ ఆ కోతతో మళ్లీ కొత్త అతుకులు.

ఇది అరుదైన సంగతేమీ కాదు. స్కాట్లాండ్‌లో 1986లో పొట్ట కోసి ఆపరేషన్ చేయించుకున్న దాదాపు 30 వేల మందిని పదేళ్లపాటు గమనించారు. అతుకుల వల్ల గానీ, వాటివల్లే కావచ్చుననే కారణంతో గానీ, అతుకులు చిక్కు తెచ్చిపెట్టగల మరో పొట్ట ఆపరేషన్ కోసం గానీ మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్లు వాళ్లలో మూడో వంతు పైనే. మొత్తం చేరికల్లో కచ్చితంగా అతుకుల వల్లేనని తేలినవి నూటికి ఆరు లోపు. ఆ ఫలితాలు 1999లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

మరి మన దగ్గర పొట్ట కోతలు తక్కువా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రలో 42.4. దేశం సగటు 21.5. గర్భసంచి తీయించుకోవడంలోనూ మన రెండు రాష్ట్రాలదే ముందు వరస. కాబట్టి మొదటి నివారణ అక్కర్లేని కోత కోయకపోవడమే. రెండోది, కోయక తప్పనప్పుడు వీలైతే చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ. దానితో అతుకులు తగ్గుతాయి, పూర్తిగా పోతాయని కాదు. మిగతాది సర్జన్ చేతిలో ఉంటుంది: పేగుల్ని మెత్తగా పట్టుకోవడం, తడి ఆరనివ్వకపోవడం, నెత్తురు నిలవనివ్వకపోవడం. అతుక్కోకుండా మధ్యలో పరిచే పల్చటి పొరలు, పోసే ద్రవాలు కూడా ఉన్నాయట. ఖరీదెక్కువ, అందరికీ అవసరమూ కాదు. అవి వాడలేదని ఏ డాక్టర్నీ తప్పుపట్టను.

చేతి తొడుగుల విషయంలో మాత్రం అలా సరిపెట్టుకోలేను. తొడుగు సులువుగా ఎక్కడానికి లోపల మొక్కజొన్న పిండి చల్లుతారు. ఆ పొడి పొట్టలో పడితే వాపు వస్తుంది, అతుకులకు దారి తీస్తుంది. ఈ కారణం కూడా చూపే అమెరికా ఆహార, ఔషధ సంస్థ పొడి తొడుగుల్ని 2017 జనవరి నుంచి నిషేధించింది. మన దగ్గర అవి ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. పొడి లేనివి కొనడం ఏ ఆస్పత్రికీ అంత భారం కాదు.

ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అనుమతి ఇచ్చేముందు ఫొటోలు, రిపోర్టులు అడుగుతాయి, డబ్బు చెల్లించేముందు డిశ్చార్జి కాగితం అడుగుతాయి. అదే కాగితంలో ఆపరేషన్ ఎలా చేశారో, లోపల ఏం కనిపించిందో రాసి రోగి చేతికిస్తేనే బిల్లు చెల్లిస్తామని ఒక షరతు పెట్టొచ్చు. అడుగున పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఈ నాలుగు ముక్కలు అచ్చువేయొచ్చు: "ఎన్నేళ్ల తరవాతైనా సరే, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం ఉండి, గ్యాస్ గానీ విరేచనం గానీ కాకపోతే సోడా తాగి ఇంట్లో కూర్చోకండి. ఏమీ తినకుండా, ఈ కాగితం పట్టుకుని వెంటనే సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి."

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, రేపల్లె