కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా?

సంపాదకుల వారికి,

కనీస వేతనం పెంచాలనగానే ‘ఉన్న ఉద్యోగాలూ పోతాయి’ అన్న భయమే ముందుకు తెస్తున్నారు. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందనేది పాఠ్యపుస్తక సూత్రం. అనుభవం మాత్రం అంత సూటిగా లేదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992లో గంటకు ఇచ్చే కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పోల్చి చూస్తే న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన జాడ కనిపించలేదు. ఆ లెక్కలను మరో ఇద్దరు ఆర్థికవేత్తలు న్యూమార్క్, వాషర్ తప్పుపట్టారు. ఆ వాదన ఇంకా తెగలేదు. జర్మనీ 2015లో గంటకు 8.50 యూరోల కనీస వేతనం తెచ్చినప్పుడు మాత్రం లక్షల ఉద్యోగాలు ఊడతాయన్న జోస్యాలు ఫలించలేదు.

ఎందుకంటే, పని ఇచ్చేవాళ్లు ఒకరిద్దరే ఉన్నచోట వాళ్లు చెప్పిందే జీతం. బేరమాడే బలం కార్మికుడికి ఎక్కడిది? అక్కడ చట్టం వేతనం పెంచితే పని మానేసి పోయేవాళ్లు తగ్గుతారు, మాటిమాటికీ కొత్తవాళ్లకు పని నేర్పే ఖర్చూ యజమానికి తగ్గుతుంది.

అలాగని ఎంతైనా పెంచొచ్చని నేను అనను. హద్దు దాటితే చిన్న వ్యాపారాలు పని గంటలు కోసేస్తాయి. ఏళ్లతరబడి పట్టించుకోకుండా ఒక్కసారే పెంచితే ఇరువైపులా టెన్షనే. బ్రిటన్‌లోని లో పే కమిషన్‌లో యాజమాన్యాల అనుభవం ఉన్నవాళ్లు, కార్మిక సంఘాలవాళ్లు, ఆర్థికవేత్తలు కలిసి కనీస వేతనం ఎంత ఉండాలో ఏటా ప్రభుత్వానికి సిఫార్సు చేస్తారు. అలాంటి పద్ధతి ప్రతి దేశానికీ అవసరం.

– ఒక పాఠకురాలు