2024-25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన గణిత సంఘం నెలనెలా ఆదివారం పెట్టే లెక్కల తరగతులు ఎప్పటిలాగే నడిచాయి, ఎండలకు మానేసిన రెండు తప్ప. అద్దె లేకుండా హాలిచ్చిన కల్యాణమండపం వారికి, కుర్చీలు పంపిన షామియానా షాపు వారికి, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిన మహిళా సభ్యులకు, టీ ఖర్చు తమ మీద వేసుకున్న ఇద్దరు రిటైర్డ్ మాస్టార్లకు సంఘం రుణపడి ఉంది. పోయినేడు పేర్లు రాసి, ఒకరిద్దరిని మరచిపోయి మాటలు పడ్డాను. అందుకే ఈసారి రాయడం లేదు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది డిసెంబర్ 22. రామానుజన్ పుట్టినరోజు ఆదివారం వచ్చింది. అక్టోబర్ 21న గింప్స్ ప్రాజెక్టు (వాలంటీర్లు తమ కంప్యూటర్లతో పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికే కార్యక్రమం) వారు ఇప్పటివరకు తెలిసిన వాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్యను ప్రకటించారు కదా, కార్యక్రమానికి దాన్నే విషయంగా పెట్టుకున్నాం: 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. దీనికి 4,10,24,320 అంకెలు. సెకనుకు ఒకటి చొప్పున నిద్ర మాని చదివినా 474 రోజులు దాటుతుంది. అంతకు ముందు రికార్డు, 2018లో దొరికినదానికి 2,48,62,048 అంకెలే. ల్యూక్ డ్యురాంట్ అనే ఆయన 17 దేశాల్లోని జీపీయూలను (ఒకేసారి బోలెడు లెక్కలు చేసే కంప్యూటర్ చిప్‌లను) ఈ వేటలో పెట్టారు. డబ్లిన్‌లోని ఒకటి అక్టోబర్ 11న "ప్రధానమే కావచ్చు" అని చెబితే, మర్నాడు శాన్ ఆంటోనియోలో మరొకటి లూకా-లేమర్ పరీక్ష (ఇలా 2 ఘాతంలోంచి ఒకటి తీసేసిన సంఖ్య ప్రధానమో కాదో తేల్చే పద్ధతి) చేసి ఖాయం చేసింది.

ఫ్లెక్స్ సంగతి దాచను. ప్రింటింగ్ వాళ్లు ఘాతాంకాన్ని కిందికి దించి 2136279841 − 1 అని వేశారు. ప్రూఫ్ చూసింది నేనే. ఆరో తరగతి పాప చూసి, "సార్, ఒకటి తీసేస్తే చివర సున్నా వస్తుంది, పదితో పోతుంది" అంది. హాలంతా నవ్వింది. నాకు మాత్రం ఆ మాటతోనే కార్యక్రమం మొదలైనట్టనిపించింది.

తర్వాత పిల్లలే బోర్డు మీద లూకా-లేమర్ చేశారు. ముందు 2⁷ − 1, అంటే 127. 4తో మొదలు, వర్గం చేసి 2 తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా ఘాతాంకం కంటే రెండు తక్కువ మెట్లెక్కాక శేషం సున్నా అయితే ప్రధానం. 14, 67, 42, 111. ఐదో మెట్టులో 12,319 వచ్చింది. అది సరిగ్గా 127 × 97. శేషం సున్నా, అంటే 2⁷ − 1 ప్రధానమే. 2¹¹ − 1కి తొమ్మిది మెట్లెక్కితే 1736 మిగిలింది. 2047 అంటే 23 × 89 మరి! ఆ మహాసంఖ్యకూ పద్ధతి ఇదే, మెట్లు మాత్రం 13,62,79,839. దీన్ని 52వ మెర్సెన్ ప్రధానం (2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధానం) అంటున్నారు గానీ, మధ్యలోని ఘాతాంకాలన్నీ తేలితే తప్ప వరుస ఖాయం కాదని మాస్టార్లలో ఒకరు సర్దిచెప్పారు.

"ఇంత సంఖ్యతో పనేముంది?" అన్నారు ఒక సభ్యులు. నిజం చెప్పాలంటే ఏమీ లేదు. ఆన్‌లైన్ బ్యాంకు లావాదేవీలను భద్రపరిచే సంకేత తాళాలకు మూడొందల పైచిలుకు అంకెల ప్రధానాలు చాలు. దీని నుంచి కొత్త పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి తన భాజకాలన్నీ కలిపితే తానే అయ్యేది) ఒకటి పుడుతుంది, 6, 28, 496ల వరసలో. దానితోనూ పని లేదు. మనం సంఘం పెట్టుకున్నది పని కోసమా?

వాలంటీర్లుగా పేర్లిచ్చినవారు పద్నాలుగు మంది, వచ్చినవారు ముగ్గురు. కుర్చీలు మళ్లీ లారీకి ఎక్కించింది ఆ ముగ్గురూ, నేనూ. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం పదకొండున్నర దాకా పిల్లల్ని కూర్చోబెట్టాం, ఫోన్ స్విచాఫ్. ఆయనకు తెచ్చిన శాలువా ఫ్లెక్స్ తప్పు పట్టిన పాపకు కప్పాం.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఆడిట్ అయింది, మిగులు స్వల్పం. చందా బాకీదారుల జాబితా తలుపు దగ్గర అంటించాం, చూసుకుని వెళ్లగలరు.

వచ్చే డిసెంబర్‌కు ఫ్లెక్స్ ప్రూఫ్ చూసే బాధ్యత ఎవరైనా తీసుకోవాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి