అబిడ్స్‌లో ఆబిద్ జ్ఞాపకానికీ, ఆదివారం పాత పుస్తకాల సంతకూ చోటివ్వండి

తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అబిడ్స్ పేరు సిటీ బస్సుల బోర్డుల మీద, దుకాణాల చిరునామాల్లో, పెళ్లి బట్టలు కొనడానికి బయలుదేరిన కుటుంబాల మాటల్లో రోజూ నలుగుతూనే ఉంటుంది. అది దూరదేశం నుంచి వచ్చి ఇక్కడ దుకాణం పెట్టుకున్న ఒక మనిషి పేరు. ఆయన ఎవరో, ఆయన దుకాణం ఏమిటో దారిన పోయేవారికి చెప్పే బోర్డు జనరల్ పోస్టాఫీసు దగ్గర గానీ, నెహ్రూ విగ్రహం కూడలిలో గానీ నాకు కనబడలేదు. అదే రోడ్డు మీద ఆదివారం పూట మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు అమ్ముకునేవారికీ తగిన గుర్తింపు లేదు. ఈ రెండు విషయాలనూ కలిపి మీ దృష్టికి తేవడానికి కారణం ఉంది. రెండింటికీ ఆధారం నగరవాసుల జ్ఞాపకమే, ఆ జ్ఞాపకాన్ని మోస్తున్నవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు.

ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడిగా పనిచేశారు. ఆయన ఆర్మేనియా మూలాలున్న యూదుడని నగర చరిత్ర రాసినవారు చెబుతారు. 1869లో పసివయసులోనే గద్దెనెక్కి 1911 వరకు ఉన్న ఆ నిజాం ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవారు కాదని ప్రతీతి. నిజాం నివాసమైన పురానీ హవేలీలో ఒక పక్క పొడవునా సాగే రెండంతస్తుల బట్టల బీరువాల వరుసను, పైఅరల దాకా వెళ్లేందుకు చేత్తో నడిపే చెక్క లిఫ్టును చూసినవారికి ఆ ప్రతీతిని నమ్మడం కష్టమనిపించదు. అంతటి బట్టల కొట్టులో ఏ పూట ఏది బయటికి తీయాలో, విడిచినదాన్ని ఏం చేయాలో చూసుకోవడం ఆబిద్ పనిలో భాగం. ఆ కొలువులో ఉంటూనే ఆయన రెసిడెన్సీకీ (బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం) నాంపల్లికీ మధ్య, ఊరు మూసీ దాటి ఉత్తరానికి పెరుగుతున్న వైపున, దుకాణం తెరిచారు. రెసిడెన్సీలోని ఆంగ్లేయులకూ, నగరంలోని నవాబులకూ అందుబాటులో ఉండే చోటు అది. దుకాణం పోయి తరాలు గడిచినా పాతకాలపు కుటుంబాలలో పెద్దలు ఇంకా 'ఆబిడ్ షాప్ దాకా వెళ్లొస్తా' అనే అంటారు.

ఆ దుకాణం గురించి నగరంలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. నిజాం ఒకసారి వాడి వదిలేసిన బట్టలు, గడియారాలు, అలంకార వస్తువులు ఆబిద్ దుకాణానికి చేరేవనీ, వాటిలో కొన్ని కొత్తవాటిలా ముస్తాబై తిరిగి నిజాం దగ్గరికే అమ్మకానికి వచ్చేవనీ చెప్పుకుంటారు. చెప్పేవారిని బట్టి వస్తువు మారుతుంది, ధర మారుతుంది, ఆబిద్ చాకచక్యం మాత్రం మారదు. వినడానికి ఈ కథ ఎంత బాగున్నా దీనిని ఇలాగే బోర్డు మీదికి ఎక్కించవద్దని మిమ్మల్ని ముందుగానే వేడుకుంటున్నాను. యజమాని విడిచిన బట్ట ఆంతరంగిక సేవకుడికి దక్కడం ఆనాటి ఇంగ్లండులోని పెద్ద ఇళ్లలోనూ ఉన్న ఆచారమే, దానిని దొంగతనమని ఎవరూ అనేవారు కాదు. పైగా యూదు వ్యాపారి అనగానే మోసగాడనే ముద్ర వేయడం యూరప్‌లో శతాబ్దాలపాటు సాగిన దురలవాటు. 1516లో వెనిస్ పాలకులు యూదులను ఒకే పేటలో ఉండాలని కట్టడి చేసినప్పుడు, వారికి అనుమతించిన కొద్దిపాటి వృత్తుల్లో పాతబట్టల వ్యాపారం ఒకటి. వృత్తి సంఘాలు తలుపులు మూయడంతో యూరప్‌లోని ఎన్నో నగరాల్లో యూదు కుటుంబాలు పాత వస్తువుల మీద బతికాయి, చినిగినదాన్ని కుట్టి, మాసినదాన్ని ఉతికి, మళ్లీ పనికొచ్చేలా చేసి అమ్మడంలో నేర్పు సంపాదించాయి. ఆబిద్ కథను ఆ చరిత్రతో కలిపి చెబితేనే ఆయనకు న్యాయం జరుగుతుంది.

కాగితాల మీద ఆబిద్ పేరు ఎక్కువగా కనిపించేది జాకబ్ వజ్రం వ్యవహారంలో. సిమ్లా రత్నాల వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జాకబ్ ఆ వజ్రాన్ని 46 లక్షల రూపాయలకు నిజాంకు అమ్మజూపినప్పుడు మధ్యవర్తిగా నిలిచింది ఆయనే. ఆ బేరం 1891లో కలకత్తా హైకోర్టు దాకా పోయింది, జాకబ్ నిర్దోషిగా బయటపడ్డారు. ఆ వజ్రాన్ని మిగతా నిజాం ఆభరణాలతో పాటు భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. వజ్రానికి ప్రభుత్వ ఖజానాలో చోటు దొరికింది, దాని గురించి రాసినవారూ కొదవలేదు. దుకాణం గురించి మాత్రం మాటలే మిగిలాయి. అక్కడ ఏం అమ్మేవారు, ఎవరెవరు పనిచేసేవారు, ఏ భాషలో బేరమాడేవారు అన్నవి తాతల దగ్గర విన్న కుటుంబాలు గన్‌ఫౌండ్రీ, కింగ్ కోఠి, సుల్తాన్ బజార్, చాదర్‌ఘాట్ ప్రాంతాల్లో ఇంకా ఉంటాయని నా నమ్మకం. వారి దగ్గరికి ఎవరైనా వెళ్లి అడగాలి.

ఇక ఆదివారం సంగతి. షట్టర్లు దించిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పొద్దున్నే పట్టాలు పరుస్తారు. ఎంసెట్ గైడ్లు, సివిల్స్ మెటీరియల్, ఉర్దూ నవలలు, ఇంగ్లీషు థ్రిల్లర్లు, బొమ్మల బైబిళ్లు, పాత వారపత్రికల కట్టలు పక్కపక్కనే చేరతాయి. ఒకచోట గుట్టగా పోసి ఏది తీసుకున్నా ఒకే ధర అంటారు, మరోచోట వెన్నులు పైకి కనిపించేలా వరుసగా నిలబెడతారు. అట్ట ఊడిన ఒక తెలుగు నవల అక్కడ నా చేతికొచ్చింది. మొదటి పేజీలో ఏదో ఊరి గ్రంథాలయం వేసిన ఊదారంగు ముద్ర, దాని కింద 'చి.సౌ.' అని మొదలయ్యే పెళ్లికానుక రాత, ఆ కింద వేరే ఇంటివారి సంతకం, చిట్టచివర మూలన అమ్మకందారు పెన్సిల్‌తో వేసిన ధర ఉన్నాయి. ఆ పెద్దమనిషి పుస్తకాన్ని తెరవకుండానే, కాగితం ఎంత పెళుసుబారిందో బొటనవేలితో చూసి, ఎంతకు తగ్గించవచ్చో చెప్పారు. కొత్త పుస్తకం కొనే స్తోమత లేక జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో ఉండి చదువుకున్న ఎంతోమందికి పరీక్షలు గట్టెక్కించిన సంత ఇది. ఇవాళ ఉద్యోగాల్లో ఉన్న మీ శాఖ అధికారులలోనే కొందరు ఇక్కడ కొన్నవారు ఉండవచ్చు.

తండ్రి కూర్చున్న చోటే కొడుకు కూర్చుని అమ్ముతున్న కుటుంబాలున్నా, ఎవరైనా ఎప్పుడు లేచిపొమ్మంటారో అనే బెంగ వారిని వదలదు. వారికి అండగా నిలిచే మాట చట్టంలోనే ఉంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ కోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టం రెండో షెడ్యూలు ప్రకారం, వీధి వ్యాపారులు 50 ఏళ్లకు పైగా వ్యాపారం చేసుకుంటున్న, తమంత తాముగా ఏర్పడిన 'సహజ సంతలను' వారసత్వ సంతలుగా ప్రకటించాలి, అక్కడివారిని మరోచోటికి తరలించకూడదు. అయితే ఆ 50 ఏళ్లను రుజువు చేయడం ఎలా? ఫుట్‌పాత్ సంతకు దస్తావేజు ఉండదు, కరెంటు బిల్లు ఉండదు, అద్దె రసీదు ఉండదు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఇక్కడ పుస్తకం కొన్నామని చెప్పగల వృద్ధులు, పుస్తకంలో కొన్న తేదీ రాసుకున్న పాఠకులు, తాము ఏ ఏడాది నుంచి కూర్చుంటున్నామో చెప్పగల అమ్మకందారులే రుజువు. వారి వాంగ్మూలాలను ప్రభుత్వం తరఫున పద్ధతిగా నమోదు చేయిస్తే, ఆ కాగితం చరిత్రగానూ పనికొస్తుంది, ఆ కుటుంబాల కూటికీ పనికొస్తుంది. ఈ పని జరగకుండానే ఆ తరం వెళ్లిపోతే చట్టంలోని ఆ మాట వీరికి అందకుండానే పోతుంది.

దగ్గరలోనే ఉన్న మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్లీ తెరిచినప్పుడు నగరమంతా సంతోషించింది. రాతి కట్టడం కాబట్టి మసి కడిగితే దాని అందం మళ్లీ బయటపడింది. ఆబిద్ దుకాణానికి అటువంటి గోడలు మిగల్లేదు, ఆదివారం సంతకు గోడలు ఏనాడూ లేవు. అందుకే ఈ రెండింటి కోసం మీ శాఖ చేయవలసిన పని వేరుగా ఉంటుంది, ఖర్చు కూడా అంతగా ఉండదు. అబిడ్స్ కూడలిలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో ఆబిద్ గురించి మర్యాదగా, నిజాన్ని నిజంగానూ కథను కథగానూ చెప్పే ఒక బోర్డు పెట్టించండి. దానికి ముందు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డుల భాండాగారంలో) ఉన్న నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ కాగితాలలో ఆయన కొలువు, దుకాణం, కుటుంబం గురించి ఏముందో ఆ భాషలు చదవగలవారితో వెతికించండి. విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాల విద్యార్థులను ఆదివారాలు అబిడ్స్‌కు పంపి, అమ్మకందారుల, పాఠకుల, పాత నివాసుల మాటలను వారి గొంతుల్లోనే రికార్డు చేయించండి. ఆ వాంగ్మూలాలను నగరపాలక సంస్థకూ, వీధి వ్యాపారుల కమిటీకీ అందజేసి, వారసత్వ సంతగా ప్రకటించే ప్రక్రియను మొదలుపెట్టమని మీరే లేఖ రాయండి. పురపాలక వ్యవహారాలు మీ శాఖ కిందికి రావని నాకు తెలుసు, కానీ సాంస్కృతిక శాఖ నుంచి వెళ్లిన లేఖకు ఉండే బరువు నా వంటి పాఠకుడి అర్జీకి ఉండదు.

మీ శాఖ నుంచి ఎవరినైనా పరిశీలనకు పంపదలిస్తే ఏ ఆదివారమైనా సరే, ఉదయాన్నే పంపించండి. వయసు మీదపడిన అమ్మకందారులు ఎండ ముదరకముందే సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోతారు, ముందుగా మాట్లాడవలసింది వారితోనే.

భవదీయుడు,
అబిడ్స్ పాత పుస్తకాల పాఠకుడు,
హైదరాబాదు