గండభేరుండం ఈ దసరాకి రావట్లేదు

మా స్టూడియోలో పెళ్లి వీడియోలు తీయించుకుని, ఆ పరిచయంతోనే మా జానపద సినిమాకి డబ్బులిచ్చిన 214 మందికీ ఈ సంగతి నేనే చెప్పాలి. దసరాకి బెజవాడలో మొదటి షో వేస్తానన్నాను. వేయలేకపోతున్నాను.

రాకుమారుణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏరు దాటించే రెండు తలల గండభేరుండ పక్షి కోసం, మీరిచ్చిన 11 లక్షల్లోంచి 2,60,000 హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ ఆయనకి అడ్వాన్స్ ఇచ్చాను. రెండు తలలకీ గీయించిన బొమ్మలు, ఈకల రంగులు అన్నీ పంపాను. నాలుగు నెలలు 'రెండర్ అవుతోంది సార్' అన్నారు, అంటే కంప్యూటర్‌లో షాట్ తయారవుతోందని. తీరా వచ్చిన 14 షాట్లలో ఉన్నది నేను గీయించిన పక్షి కాదు. నెట్‌లో రెడీమేడ్‌గా దొరికే గద్ద మోడల్‌కి రెండో తల అతికించారు. రెండు తలలూ ఒకేసారి రెప్పలార్పుతాయి. సీతానగరం వైపు ఇసుకలో, మే నెల ఎండలో మాడిపోతూ తీసిన షాట్ మీద దాన్ని దించారు. అంత పక్షి వాలితే తడి ఇసుకలో ఒక్క గోరు ముద్ర పడలేదు. నీడే లేదు. ఇదేంటండీ అంటే, 'మీ బడ్జెట్‌కి ఇంతే వస్తుంది' అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. రేటు చెప్పింది ఆయనే.

మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. ఆ షాట్లే పెట్టేస్తే చెప్పిన రోజుకి సినిమా వచ్చేస్తుంది. 'ఫోన్లో చూసేవాళ్లు కాళ్లెక్కడ చూస్తారన్నా' అన్నాడు మా ఎడిటింగ్ కుర్రాడు. వాడు అన్నది అబద్ధం కాదు. కానీ 19 ఏళ్లలో ఒకరి తలంబ్రాల షాట్ ఇంకొకరి వీడియోలో కలిపినవాణ్ణి కాదు. ఎవరిదో పక్షిని తెచ్చి మనదని మీకెలా చూపిస్తాను? 14 షాట్లూ తీసేశాను.

ఇప్పుడు పక్షిని కొండపల్లిలో చేయిస్తున్నాం. తెల్ల పొణికి కర్ర, చేత్తో ఎత్తితే బరువే ఉండదు. సన్నసెగ మీద తేమంతా పోగొట్టి, ముక్కలు చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పక్షి రెండడుగులు, మెడలు దేనికది తిరుగుతాయి. ఇసుక తొట్టెలో నిలబెట్టి దగ్గర్నుంచి తీస్తాం, నీడ దానంతటదే పడుతుంది. 1957లో 'మాయాబజార్'లో లడ్డూలు ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరింది కంప్యూటర్‌తో కాదు కదా. మొన్న మొదటి తల చూసొచ్చాను. ముక్కు పక్కన ఉలి గీత ఒకటి మిగిలింది, దాన్ని నున్న చేయొద్దని చెప్పాను.

డబ్బు సంగతి. పోయిన అడ్వాన్స్ నా నష్టం, స్టూడియో రాబడిలోంచి కడతాను, మీ లెక్కలో రాయను. లాభంలో వాటా ఉంటుందా అని కొందరు అడుగుతున్నారు. పెట్టుబడుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ సెబీలో రిజిస్టర్ కాకుండా జనం దగ్గర అలా పెట్టుబడి తీసుకోకూడదు. అందుకే మొదట్నుంచీ టైటిల్స్‌లో పేరు, మొదటి షోకి రెండు టికెట్లు అన్నాను. ఆ మాటలో మార్పు లేదు. కొత్త తేదీ మాత్రం పక్షి షాట్లు పూర్తయ్యాకే చెప్తాను. ఇంకోసారి మాట తప్పలేను.

వెనక్కి కావాలన్నవాళ్లకి మొత్తం డబ్బు 15 రోజుల్లో వేసేస్తాను, ఎందుకని అడగను. వచ్చే ఆదివారం సాయంత్రం ఆ చెక్క తల స్టూడియో టేబుల్ మీద ఉంటుంది. పాత షాట్లు పక్కన టీవీలో వేస్తాను. రెండూ చూడండి. చూశాక కూడా డబ్బు అడగాలనిపిస్తే అక్కడే అడగండి.