సీక్వెన్షియల్ స్విచ్ సెట్ అయింది, అందరికీ పేరుపేరునా థాంక్స్

నా మాడ్యులర్ సింథ్‌లో (మాడ్యూళ్లని కేబుళ్లతో కలిపి వాయించే ఎలక్ట్రానిక్ వాయిద్యం) మొత్తానికి పదహారు నోట్స్ వరసగా వచ్చేశాయండీ! నోట్స్ మధ్యలోనే తెగిపోతున్నాయని నేనడిగితే సాయం చేసిన వాళ్లందరికీ ఇక్కడే థాంక్స్ చెప్పేస్తున్నా, ముఖ్యంగా తన ర్యాక్‌లో ఉన్న ప్యాచ్ (కేబుళ్ల కనెక్షన్లు) పీకేసి మరీ నాది కట్టి చూసిన అన్నకి. ప్యాచ్ పీకడం అంటే ఏంటో ఈ పిచ్చి ఉన్నోళ్లకే తెలుస్తుంది, మళ్లీ అదే సౌండ్ వస్తుందన్న గ్యారంటీ లేదు కదా.

తెలియని వాళ్ల కోసం సంగతేంటంటే, నా సీక్వెన్సర్‌లో (నోట్స్‌ని వరసగా నడిపే మాడ్యూల్) 8 స్టెప్పులవి రెండు రోలు (వరసలు) ఉన్నాయి, రెండూ ఒకేసారి నడుస్తాయి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి వాయించి పదహారు నోట్స్ చేయాలని సీక్వెన్షియల్ స్విచ్ పెట్టా, అది ట్రిగ్గర్ అందిన ప్రతిసారీ తర్వాతి ఇన్‌పుట్‌కి మారుతుంది. పై రో స్విచ్ మొదటి ఇన్‌పుట్‌కి, కింది రో రెండోదానికి, స్విచ్ కామన్ జాక్ నుంచి ఆసిలేటర్‌కి (సౌండ్ పుట్టించేది), స్విచ్‌ని ముందుకు జరపడానికి క్లాక్ డివైడర్‌లో (తాళం పల్సుల్ని భాగించేది) ఎనిమిదో వంతు అవుట్‌పుట్. వైరింగ్ అంతా కరెక్టే, కానీ పైన నాలుగు వాయించి ఐదో నోట్‌కే కిందికి దూకేది, తర్వాత రౌండ్‌లో కింద నాలుగు, మళ్లీ పైకి.

అన్న అడిగింది ఒక్కటే, "డివైడర్ లైట్ ఎప్పుడు వెలుగుతోందో చూడు తమ్ముడూ" అని. చూస్తే ఐదో స్టెప్పుకి వెలిగి మళ్లీ ఒకటికి ఆరుతోంది. అంటే సగం సైకిల్ వోల్టేజ్ తక్కువ (లో), సగం ఎక్కువ (హై), స్విచ్ ఏమో వోల్టేజ్ పైకి లేచినప్పుడే కదులుతుంది, అందుకే మధ్యలో మారిపోతోంది. డివైడర్‌ని పక్కన పెట్టి సీక్వెన్సర్ మొదటి స్టెప్పు గేట్ అవుట్‌ని (ఆ స్టెప్పు వచ్చినప్పుడు వోల్టేజ్ పైకి లేచేది) స్విచ్ ట్రిగ్గర్‌కి ఇవ్వమన్నాడు, ఇచ్చా, అయిపోయింది. డివైడరే వాడాలనుకుంటే మధ్యలో లాజిక్ ఇన్వర్టర్ (హై ఉంటే లో, లో ఉంటే హై చేసేది) పెట్టాలంట, మామూలు సీవీ (కంట్రోల్ వోల్టేజ్) ఇన్వర్టర్ అయితే వోల్టేజ్ మైనస్‌లోకి పోతుంది, స్విచ్ పట్టించుకోదు.

తర్వాత ఇంకో చిక్కు, రీసెట్ కొట్టి స్టార్ట్ చేస్తే మొదటి గేటే స్విచ్‌ని రెండో ఇన్‌పుట్‌కి నెట్టేస్తోంది, పాట కింది రోతో మొదలవుతోంది. దీనికి ఇంకొకాయన చెప్పిన సొల్యూషన్ చూసి నవ్వాగలేదు: రోల నుంచి స్విచ్‌కి వచ్చే ఆ రెండు కేబుళ్లూ అటుదిటు ఇటుదటు మార్చేయ్, అంతే!

నోట్ మొదట్లో చిన్న టిక్కుమనే శబ్దం గురించి చెప్పిన అక్కకి స్పెషల్ థాంక్స్. పిచ్ మారేలోపే ఎన్వలప్ (నోట్ వాల్యూమ్‌ని పెంచి తగ్గించేది) తెరుచుకుంటోందంట, గేట్‌ని రెండు మూడు మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే పోయింది. ఆడియోని స్విచ్ చేసినప్పుడు వచ్చే క్లిక్ మాత్రం వేరే కథ, వేవ్ మధ్యలో తెగుతుంది కాబట్టి అది వస్తుందంతే, నాకైతే అదే నచ్చింది, డ్రమ్ లాగా వాడేస్తున్నా.

మూగ్ కంపెనీ 960 సీక్వెన్సర్ పక్కన 962 స్విచ్ పెట్టి మూడు రోలని 24 స్టెప్పులు చేసేవాళ్లని చెప్పిన పెద్దాయనకి దండాలు, ఈ ట్రిక్కు ఇంత పాతదని నాకు తెలీదు.

ఇక డోప్‌ఫర్ కంపెనీ ఏ-151 లాంటి స్విచ్‌లు రివర్స్‌లో కూడా పనిచేస్తాయి, కామన్‌లో ఒక గేట్ ఇస్తే నాలుగు ఎన్వలప్‌లకి వంతులవారీగా పంచుతుంది, కాబట్టి ఇంకో స్విచ్ కొనెయ్ అని ఎగదోస్తున్న ఆ ఇద్దరున్నారే, మీకు మాత్రం థాంక్స్ చెప్పను, ర్యాక్‌లో జాగా మీరిస్తారా?