పాత పికప్‌కి ముందు బ్రేకులు, ఆ తర్వాతే ఇంజిను

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం సంచికలో పాత అమెరికన్ పికప్ ట్రక్కుని కొత్తగా తయారు చేయించుకున్నాయన గురించి మీరు వేసిన పేజీ చూశాను. ఫొటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ నీలం రంగు, గుండ్రటి బానెట్, లోపల టచ్‌స్క్రీన్ చూసి మా ఇంట్లో పిల్లలు కూడా పేపర్ లాక్కున్నారు. కానీ మొత్తం చదివాక నాకు ఒళ్లు మండింది. ఇంజిను ఎన్ని హార్స్‌పవరో మూడు చోట్ల రాశారు, రంగు ఎన్ని పూతలో రాశారు, సీటు తోలు గురించి ఏకంగా ఒక పేరా రాశారు. బ్రేకుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. స్టీరింగ్ ఊసు లేదు, పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో లేదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైనా వేయండి.

అమెరికాలో ఉండే మా బావ దగ్గర 1966 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ఉంది. నేనక్కడ ఉన్నన్నాళ్లూ శని, ఆదివారాలు దాని కిందే గడిచిపోయాయి. కొన్న కొత్తలో ఓ రోజు సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ సాంతం కిందికి దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. గేరు తగ్గించి, పార్కింగ్ బ్రేక్ తొక్కి, పక్కనున్న గడ్డిలోకి దింపి ఎలాగో ఆపాడు. దిగి చూస్తే వెనక చక్రం దగ్గర పైపు తుప్పు పట్టి చిల్లు పడింది, బ్రేక్ ఆయిల్ అంతా కారిపోయింది. ఆ బండిలో నాలుగు చక్రాలకీ కలిపి మాస్టర్ సిలిండర్‌లో, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల దాకా నెట్టే భాగంలో, ఒకటే గది, కాబట్టి ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటిగా రెండు గదులున్న సిలిండర్ ఈ ట్రక్కులకి 1967 మోడల్ నుంచి వచ్చింది. ఒక్క ఏడాది తేడా!

అంతకు ముందు వారం దాకా మా ఇద్దరి మధ్యా నడిచిన గొడవల్లా ఏ ఇంజిను పెట్టాలనే. ఆ ట్రక్కులో ఉన్నది ఆరు సిలిండర్ల ఇంజిను, 150 హార్స్‌పవర్. ఇప్పుడు అందరూ పెట్టే రకం జనరల్ మోటార్స్ వాళ్ల ఎల్ఎస్ ఇంజిను. అందులో మొదటిది 1997లో కార్వెట్ కారులో 345 హార్స్‌పవర్‌తో వచ్చింది. షెవర్లే కూడా జనరల్ మోటార్స్ వాళ్లదే కాబట్టి ఫోర్డ్‌లో షెవర్లే ఇంజినేమిటని తిట్టేవాళ్లూ ఉన్నారు, ఆ పంచాయితీ ఇక్కడొద్దు. నేననేదల్లా, వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, ఆ శక్తంతా వేడిగా మారి పోవాల్సింది చక్రాల లోపలుండే ఆ నాలుగు బ్రేక్ డ్రమ్ముల్లోంచే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకి దూరంగా జరుగుతుంది, షూల మీద రాసుకునే లైనింగు కూడా పట్టు వదిలేస్తుంది, ఇక ఎంత తొక్కినా ప్రయోజనం ఉండదు. అదే డిస్క్ బ్రేకు అయితే దాని పళ్లెం గాలికి బయటే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. షెవర్లే వాళ్లే 1971 నాటికి తమ చిన్న పికప్‌లన్నిటికీ ముందు డిస్కులు మామూలుగానే బిగించి ఇవ్వడం మొదలుపెట్టారంటే, అప్పటి ఇంజిన్లకే అవి కావాల్సి వచ్చాయన్నమాట.

ఇంకో సంగతి. పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం బాగా తేలిక. నాలుగు చక్రాలకీ డిస్కులు బిగించేసి, ముందుకెంత వెనక్కెంత ఒత్తిడి వెళ్లాలో సరిచేసే వాల్వు పెట్టకపోతే, గట్టిగా తొక్కగానే మొదట వెనక చక్రాలే బిగుసుకుని బండి తోక తిప్పేస్తుంది. కిట్ తెచ్చి బిగించినంత మాత్రాన పనైపోదు.

ఇక పెట్రోలు ట్యాంకు. ఇది చెబితే చాలామంది నమ్మరు. ఆ రోజుల్లో ఈ ఫోర్డ్ ఎఫ్-100లోనూ, 1972 దాకా వచ్చిన షెవర్లే సీ-10లోనూ ట్యాంకు ఉండేది క్యాబిన్ లోపల, సరిగ్గా సీటు వెనకాల. అంటే మనం వీపు ఆనించి కూర్చున్నది పెట్రోలు డబ్బాకి. ఎండాకాలం అద్దాలు మూసుకుంటే వాసన కూడా వచ్చేది. దాన్ని తీసేసి వెనక తొట్టి కింద, ఛాసిస్ (బండి అడుగు చట్రం) పట్టీల మధ్య కొత్త ట్యాంకు వేసుకోవచ్చు, దానికి కావలసిన సామాను దొరుకుతుంది, పైగా సీటు వెనక బోలెడు ఖాళీ వస్తుంది. మీరు ఫొటో వేసిన ట్రక్కులో సీటు వెనక స్పీకర్లు కనిపించాయి కాబట్టి ట్యాంకు మార్చే ఉంటారు. మరి ఆ మాట రాయొచ్చు కదా!

స్టీరింగ్ సంగతి ఇంకా భయం. పాత ట్రక్కుల్లో స్టీరింగ్ చక్రం నుంచి ముందున్న స్టీరింగ్ బాక్సు దాకా ఒకటే ఇనుప కడ్డీ. ముందు నుంచి గుద్దుకుంటే ఆ కడ్డీ నేరుగా డ్రైవర్ గుండెల మీదికి వస్తుంది. ఆ కడ్డీకి బదులు దెబ్బ తగిలితే ముడుచుకునే స్టీరింగ్ కాలమ్ వేసుకుంటే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. సీటు బెల్టూ అంతే. భుజం మీదుగా వచ్చే మూడు కొసల బెల్టుని వోల్వో 1959లోనే కారులో పెట్టింది, కానీ ఈ ట్రక్కుల్లో నడుముకి కట్టుకునే పట్టీ ఉంటే అదే గొప్ప. కొత్త బెల్టు వేయాలంటే రేకుకి బోల్టు బిగిస్తే చాలదు, లోపల మందపాటి పలక వెల్డింగ్ చేయాలి, లేకపోతే గుద్దుకున్నప్పుడు రేకుతో సహా బెల్టు ఊడి వస్తుంది.

హెడ్‌లైట్ల గురించి కూడా ఒక మాట, ఇది కోపంతోనే రాస్తున్నాను. పాత గుండ్రటి లైటు డొప్పలో ఎల్ఈడీ బల్బు కుక్కేసి అప్‌గ్రేడ్ అంటారు. ఫిలమెంటు బల్బు కోసం చేసిన డొప్ప అది, అందులో వేరే రకం వెలుగు పెడితే చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మార్చాలనుకుంటే డొప్పతో సహా మొత్తం లైటు మార్చుకోవాలి.

అసలు ఏమీ మార్చకూడదు, ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉంచాలి అనే వాళ్లు ఈ ఉత్తరం చూసి నన్ను కూడా తిడతారు. మ్యూజియంలో పెట్టే బండి అయితే వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ 1950ల ముందు ట్రక్కుల్లో చాలావాటికి వైపర్లు ఇంజిను పీల్చే గాలితో నడిచేవి. వానలో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారంటే ఆ పీల్పు తగ్గి వైపర్లు నీరసపడి ఆగిపోతాయి. సరిగ్గా కావలసినప్పుడే! అలాంటిది అలాగే ఉంచాలనడం నాకైతే అర్థం కాదు.

ఫోర్డ్ కంపెనీయే 2021లో లాస్ వేగాస్‌లో జరిగే సెమా అనే వాహన విడిభాగాల ప్రదర్శనలో 1978 నాటి ఎఫ్-100కి ముందొకటి వెనకొకటి ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టి, 480 హార్స్‌పవర్‌తో ఎల్యుమినేటర్ అని చూపించింది. పేపర్లన్నీ మోటార్ల గురించే రాశాయి. ఆ మోటార్లని వాళ్లు పాత ఛాసిస్ మీద పెట్టలేదు, దానికోసం విడిగా చేయించిన కొత్త ఛాసిస్ మీద పెట్టారు. పైన కనిపించే రేకు మాత్రమే పాతది. అంత పెద్ద కంపెనీకి తెలిసిన సంగతి శనివారం గ్యారేజీలో పని చేసుకునే మనకీ తెలియాలి కదా.

కాబట్టి ఈసారి ఇలాంటి బండి మీద రాసేటప్పుడు మీ విలేకరిని కాస్త వంగి కింద కూడా చూడమనండి. ముందు చక్రాల లోపల డిస్కులున్నాయా, ట్యాంకు ఎక్కడుంది, బెల్టు దేనికి బిగించారు, ఈ మూడూ అడగడానికి రెండు నిమిషాలు చాలు. యజమాని దగ్గర సమాధానం ఉంటే ఆయనే సంబరంగా చెబుతాడు, ఇంజిను గురించి చెప్పినదానికంటే ఎక్కువే చెబుతాడు.

మా బావ ట్రక్కుకి ఇప్పుడు ముందు డిస్కులు, రెండు గదుల సిలిండర్, తొట్టి కింద ట్యాంకు, మూడు కొసల బెల్టులు ఉన్నాయి. ఇంజిను మాత్రం ఇంకా ఆ పాత ఆరు సిలిండర్లదే. మార్చేద్దామని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు, వైరింగ్ అయ్యాక చూద్దాం బావా అని నేనంటాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు